ల్యాప్‌టాప్ ఊకె ఆగిపోతాందంటే ముందుగాల ఫార్మాట్ కొట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను హన్మకొండల ఒక డిగ్రీ కాలేజీల కంప్యూటర్ ల్యాబ్ చూస్కుంట. ల్యాబ్ సిస్టమ్‌లు నడిచేటట్టు చూసుడు నా డ్యూటీ గానీ పిల్లలు తమ సొంత ల్యాప్‌టాప్‌లు పట్టుకొని వస్తుంటే సగం పొద్దు వాటితోనే పోతది. ఎండాకాలం వచ్చిందంటే ఇగ చెప్పే పని లేదు, అదే టైంల ఫైనలియర్ ప్రాజెక్టులు సబ్మిట్ చేసుడు కూడా ఉంటది గదా, రోజూ అవే మాటలు, సార్ ల్యాప్‌టాప్ ఊకె ఆఫ్ అయితాంది, సార్ నీలం స్క్రీన్ వస్తాంది, సార్ షాపుల చూపిస్తే మదర్‌బోర్డు పోయిందన్నరు. ఈ మూడో మాట వినంగనే నాకు మనసు చివుక్కుమంటది, ఎందుకంటే ఆ ల్యాప్‌టాప్ ఏ పైసలతోటి కొన్నరో నాకు తెలుసు, పత్తి అమ్మితే వచ్చినయి, మహిళా సంఘంల తీసిన లోను, అన్న దుబాయ్ నుంచి పంపినయి.

అందుకే ఈ ఉత్తరం రాస్తున్న. నేను చెప్పేది ఒక్కటే, ల్యాప్‌టాప్ క్రాష్ అయితాందంటే అది ఎప్పుడు అయితాంది, ఎట్ల అయితాంది అని చూడకుండ ఎవ్వరూ ఫార్మాట్ (డిస్క్ తుడిచి విండోస్ కొత్తగ ఏసుడు) కొట్టించొద్దు, బోర్డు మార్పించొద్దు. చూస్తే చాలాసార్లు రోగం చిన్నదే ఉంటది. మన దగ్గర మాత్రం మందు ముందు ఇస్తున్నరు, నాడి తర్వాత చూస్తున్నరు.

ముందుగాల ఆగిపోయే తీరు చూడాలె. ఏ మెసేజ్ లేకుండ, ఫ్యాన్ గట్టిగ మోగి మోగి టక్కున నల్లగైపోయిందంటే ఎక్కువశాతం అది వేడి, లేకపోతే పవర్. నీలం స్క్రీన్ వచ్చి ఏదో కోడ్ చూపించి తనంతట తనే రీస్టార్ట్ అయితే అనుమానం ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడే మెమరీ) మీద, డ్రైవర్ (లోపలి పార్టులను విండోస్ తోటి కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) మీద, డిస్క్ (ఫైళ్లు దాచే జాగ) మీద. మౌస్ బాణం కూడా కదలకుండ బిగుసుకపోయి మల్ల కొంచెంసేపటికి నడిస్తే అది క్రాషే కాదు, హ్యాంగ్ అయినట్టు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌ల క్రోమ్‌ల ఇరవై ట్యాబ్‌లు తెరిచి పక్కన ఆండ్రాయిడ్ స్టూడియో పెడితే ఏదైనా హ్యాంగ్ అయితది, దానికి ర్యామ్ పెంచాలె గానీ బోర్డు మారిస్తే ఏం లాభం. అట్లనే టైం కూడా చూడాలె, ఆన్ చేసిన వెంటనేనా, గంట నడిచినంకనా, ఛార్జర్ పెట్టినప్పుడేనా, మధ్యాహ్నం పూటనేనా. నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఇదంత ఒక కాగితం మీద రాసుకొని రమ్మంట, ఆ కాగితం చూస్తేనే సగం విషయం తెలుస్తది.

వేడి గురించి జర ఎక్కువ చెప్పాలె, ఎందుకంటే అది మన జాగల రోగం. చాలా కంపెనీల మాన్యువల్‌ల చూడండి, ల్యాప్‌టాప్ వాడే గదిల వేడి 35 డిగ్రీలు దాటొద్దని రాసి ఉంటది. మే నెలల వరంగల్‌ల, రామగుండంల బయట 43, 44 అయితది, ఇగ రేకుల ఇంట్ల, స్లాబు కింద పై అంతస్తు గదిల ఎట్ల ఉంటదో మనకు తెల్వంది కాదు. లోపల ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి పోయిందంటే ముందుగాల స్పీడు తగ్గించుకుంటది, అప్పటికీ వేడి ఆగకపోతే తనను తాను కాపాడుకోనీకె మొత్తానికే ఆఫ్ అయితది. అంటే అట్ల ఆఫ్ అవుడు లోపల ఉన్న రక్షణ, చేయాల్సిన పని అది చేసింది. దాన్ని చూసి బోర్డు కాలిపోయిందంటే ఎట్ల?

పోయిన ఎండాకాలం జమ్మికుంట దిక్కు నుంచి ఒక పిల్లగాడు తీసుకొచ్చిన ల్యాప్‌టాప్ ఇట్లనే. ఇంటి పక్కనే జిన్నింగ్ మిల్లు. రాత్రి మంచం మీద, దుప్పటి మీద పెట్టుకొని నడిపిస్తడు, అరగంట అయితే చాలు టక్కున ఆఫ్. షాపుల బోర్డు మార్చాలన్నరంట, వాళ్ల నాయిన కూడా వెంట వచ్చిండు, "సారూ, కొత్తది కొనుడే నయమా, బోర్డు వేపిచ్చుడు నయమా, మీరు ఏదంటే అది" అన్నడు. కింది మూత స్క్రూలు ఇప్పి, బ్యాటరీ కనెక్టర్ తీసి, ఫ్యాన్ పక్కకు జరిపి చూపించిన. ఫ్యాన్‌కూ రాగి పైపు చివరన ఉండే సన్నటి రేకులకూ నడుమ పత్తి నూగు పేరుకొని దుమ్ముతోటి కలిసి గట్టిపడి ఉంది, పట్టకారుతోటి పట్టి లాగితే ముక్క ముక్క కాదు, మొత్తం ఒకటే చాప చుట్టినట్టు లేచి వచ్చింది. గాలి బయటికి పోయే దారే లేదు, ఇగ ఫ్యాన్ ఎంత తిరిగినా ఏం ఫాయిదా. ప్రాసెసర్ వేడిని రాగి పైపుకు అందించే పేస్టు కూడా ఎండి పెచ్చులు పెచ్చులు అయింది, అది తుడిచి కొత్తది కొంచెం పెట్టి బిగించినం. ఆ ల్యాప్‌టాప్ మీదనే పిల్లగాడు ప్రాజెక్టు పూర్తి చేసిండు.

మన దిక్కు ఈ దుమ్ము జాగ జాగకు మారుతది. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, పరకాల, జమ్మికుంట దిక్కు పత్తి నూగు. భూపాలపల్లి, గోదావరిఖని నుంచి వచ్చే పిల్లల ల్యాప్‌టాప్‌లల్ల నల్లటి బొగ్గు దుమ్ము, వేలితోటి అంటితే అంటుకుంటది. కరీంనగర్ దిక్కు గ్రానైట్ కోసే జాగల తెల్లపొడి. ఇసొంటి జాగల ఉన్నోళ్లు ఏడాదికి ఒకసారన్న క్లీనింగ్ చేపిచ్చుకోవాలె, మంచం మీద, ఒళ్లె పెట్టుకొని నడపొద్దు, కింద గాలి ఆడేటట్టు గట్టి టేబుల్ మీదనే పెట్టాలె. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండ ఒక పుల్ల అడ్డం పెట్టమని షాపోళ్లకు చెప్పండి, లేకపోతే అది అడ్డగోలు స్పీడుల తిరిగి బేరింగ్ పోతది. వేడేనా కాదా అని ఇంట్ల చూసుకోవాలంటే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఆగిపోయే ముందు ప్రాసెసర్ వేడి ఎంతకు పోతాందో చూపిస్తది. 95 దాటి పోయి ఆ వెంటనే ఆగిపోతాందంటే ముందుగాల వేడినే అనుమానించాలె.

ఇప్పుడు నీలం స్క్రీన్. 2025ల మైక్రోసాఫ్ట్ విండోస్ 11ల దాన్ని నల్ల స్క్రీన్ చేసింది, అందుకే కొందరు పిల్లలు డిస్‌ప్లే పోయిందనుకొని వస్తున్నరు, రంగు ఏదైనా అందుల కోడ్ ఉంటది, అది వచ్చినప్పుడు ఫోన్ తీసి ఒక ఫొటో కొట్టండి, అంతకంటే పెద్ద సాయం రిపేర్ చేసేటోనికి ఇంకోటి లేదు. మెమరీ మేనేజ్‌మెంట్ అని వస్తే ముందుగాల ర్యామ్ చూడాలె. ఒకటే కోడ్ కాకుండ రోజుకో కోడ్ మారుతూ వస్తున్నా చాలావరకు ర్యామ్ మీదనే అనుమానం, ఎందుకంటే చెడిన మెమరీల ఏ ప్రోగ్రాం కూసుంటే ఆ ప్రోగ్రాం పడిపోతది. ఫొటో తీసే లోపల రీస్టార్ట్ అయినా రంది పడొద్దు, విండోస్ సెర్చ్‌ల రిలయబిలిటీ అని కొడితే రోజువారీగ ఎప్పుడెప్పుడు ఏం పడిపోయిందో ఎర్ర గుర్తులతోటి చూపించే పేజీ వస్తది. నీలం స్క్రీన్‌లు ఏ రోజు మొదలైనయో చూసి, దానికి ముందు ఏం ఇన్‌స్టాల్ అయిందో అక్కడనే చూడొచ్చు.

ఒక బిడ్డ సంగతి చెప్పాలె. బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్, నర్సంపేట దిక్కు ఊరు. నీలం స్క్రీన్ వస్తాందని షాపుల ఇచ్చింది, వాళ్లు చూడను కూడా చూడకుండ ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగ ఏసి ఇచ్చిండ్రు. ప్రాజెక్టు కోడు, డాక్యుమెంటేషన్, అన్నీ సీ డ్రైవ్‌ల డెస్క్‌టాప్ మీదనే ఉన్నయి, అన్నీ పోయినయి. ఆ పొద్దు సాయంత్రమే మల్ల నీలం స్క్రీన్ వచ్చింది. తెల్లారి నా దగ్గరికి వచ్చి "సార్, నా డేటా వస్తదా" అంటాంది, ల్యాప్‌టాప్ బాగయితదా అని అడుగుతలేదు. మెమరీ టెస్ట్ పెడితే కొంచెంసేపటికే ఎర్రగ ఎర్రర్లు వచ్చినయి. ర్యామ్ స్టిక్కులు రెండున్నయి, ఒకటి తీసేసి ఇంకోటి ఒక్కదాంతోటి నడిపితే ఏ సమస్య లేకుండ నడిచింది. విండోస్‌కు ఏ రోగం లేదు, ర్యామ్‌కు ఉంది, శిక్ష మాత్రం ఆ బిడ్డ ప్రాజెక్టుకు పడింది.

డేటా వెనక్కి రాలేదు. ఇది అందరికీ తెల్వాలె, వెనుకట హార్డ్‌డిస్క్‌లు ఉన్నప్పుడు ఫార్మాట్ అయినా రికవరీ సాఫ్ట్‌వేర్‌లతోటి కొంతన్న వచ్చేది. ఇప్పుడు చాలావరకు ఎస్‌ఎస్‌డీలు (తిరిగే పళ్లెం లేకుండ చిప్‌లల్ల డేటా దాచే డ్రైవ్‌లు), ఫార్మాట్ అయిన జాగను ట్రిమ్ అనే పద్ధతితోటి డ్రైవే లోపల లోపల తుడిచేసుకుంటది, దానికి తోడు కొత్త విండోస్‌లల్ల డేటా తాళం ఏసి ఉంటది. ఫార్మాట్ అన్నంక ఇగ అది పోయినట్టే లెక్క.

ర్యామ్ టెస్ట్ ఎవరైనా చేసుకోవచ్చు, విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని సెర్చ్ చేస్తే వస్తది, రీస్టార్ట్ అయ్యి తనే చూస్తది. ఇంకా గట్టిగ చూడాలంటే పెన్‌డ్రైవ్‌ల మెమ్‌టెస్ట్86 ఏసి రాత్రంత వదిలెయ్యాలె. ఒక్కొక్కసారి స్టిక్ చెడిపోదు, స్లాట్‌ల వదులైతది, బ్యాటరీ కనెక్షన్ తీసేసి స్టిక్ తీసి మల్ల గట్టిగ కూసుండబెడితే సరిపోతది. అయితే ఈ పల్చటి కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిల ర్యామ్ బోర్డుకే అతికించి వస్తాంది, వాటికి ఈ పని కుదరదు, కొనేటప్పుడే చూసుకోవాలె.

డిస్క్ మీద అనుమానం ఉంటే మాత్రం ముందు రిపేర్ కాదు, ముందు డేటా. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ పెడితే డిస్క్ బాగుందా, జాగ్రత్త పడాల్నా అని ఒక్క మాటల చెప్తది. పాత హార్డ్‌డిస్క్ లోపల టిక్ టిక్ అని చప్పుడు చేస్తాందంటే ఇగ చెక్‌డిస్క్ (డిస్క్‌ల తప్పులు ఎతికే విండోస్ టెస్ట్) గిట్ల నడపొద్దు, గంటలకొద్ది దాన్ని తిప్పితే ఉన్న ప్రాణం కూడా పోతది, నడుస్తున్నప్పుడే ముఖ్యమైనయి వేరే డ్రైవ్‌లకు కాపీ కొట్టుకోవాలె.

సాఫ్ట్‌వేర్ తోటి కూడా క్రాష్ అయితది, అందుకు ఫార్మాటే దిక్కు అనుకోవద్దు. 2024 జులై 19 గుర్తుండే ఉంటది, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తోటి ప్రపంచం మొత్తం మీద 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం స్క్రీన్ ఏసినయని మైక్రోసాఫ్టే చెప్పింది, విమానాలు ఆగిపోయినయి, శంషాబాద్ ఎయిర్‌పోర్టుల చేత్తోటి రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చిండ్రు. అన్ని లక్షల మిషన్లకు ఏం మదర్‌బోర్డులు మార్చలేదు, సేఫ్ మోడ్‌ల, అంటే తప్పనిసరి డ్రైవర్లతోటి మాత్రమే విండోస్ లేచే పద్ధతిల తెరిచి ఒక్క ఫైల్ తీసేస్తే లేచినయి. మన ల్యాప్‌టాప్ సంగతి కూడా అంతే, సేఫ్ మోడ్‌ల పెట్టి చూడండి, అక్కడ ఆగకుండ నడిచి మామూలుగ పెడితే పడిపోతాందంటే చాలావరకు అది డ్రైవరో, ఏదన్న యాప్ తోనో వచ్చిన తంటా. ముఖ్యంగ గ్రాఫిక్స్ డ్రైవర్, దాన్ని వెనుకటి వర్షన్‌కు తిప్పొచ్చు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోటి అయిపోయింది కాబట్టి చాలామంది పిల్లలు సరిపోని పాత మిషన్లల్ల కూడా అడ్డదారిల 11 ఎక్కిస్తున్నరు, సరైన డ్రైవర్లు దొరకక అవి పడిపోతున్నయి, దానికి కూడా పాపం బోర్డు మీదనే నింద.

పవర్ గురించి రెండు ముక్కలు. ఛార్జర్ పీకితే నడిచి, పెడితే పడిపోతే అడాప్టర్ మార్చి చూడాలె, వాటేజ్ తక్కువున్న డూప్లికేట్ అడాప్టర్లు బాగనే తిరుగుతున్నయి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, కింది మూత ఉబ్బినా అది బ్యాటరీ ఉబ్బినట్టు, ఆ పూటే వాడుడు బంద్ చెయ్యాలె, ఛార్జింగ్ అసలే పెట్టొద్దు, ఒత్తొద్దు, పొడవొద్దు, మంట లేస్తది.

షాపుల దగ్గరికి వస్త. అందరూ ఇట్లనే ఉన్నరని నేను అంటలేను, హన్మకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ దాక చిప్ లెవెల్ పని చేసే నిఖార్సైన మెకానిక్‌లు ఉన్నరు, మైక్రోస్కోప్ కింద కూసొని కళ్లు కాయలు కాసేటట్టు పని చేస్తరు, నేనే పిల్లల్ని వాళ్ల దగ్గరికి పంపుత. నా బాధ చూడకుండ చెప్పేటోళ్లతోటి. విండోస్‌ల జరిగినయి రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ తెరిచి కర్నల్ పవర్ 41 అనే లైన్ చూపించి, ఇగో చూడు బోర్డుల పవర్ సెక్షన్ పోయిందని కంప్యూటరే చెప్తాంది అంటున్నరు. అది అబద్ధం. ఆ 41కు అర్థం ఇంతే, సిస్టమ్ సరిగ్గ షట్‌డౌన్ కాకుండ ఆగి మల్ల లేచింది అని. పవర్ బటన్ పట్టుకొని ఒత్తి ఆఫ్ చేసినా అదే వస్తది, వేడికి ఆగినా అదే వస్తది. ఎందుకు ఆగిందో అది చెప్పదు. తల్లిదండ్రులకు ఇంగ్లిష్ అక్షరాలు, ఎర్ర గుర్తు చూపెట్టంగనే నిజమే అనుకొని పైసలు కడుతున్నరు, ఇది నాకు ఎంతమాత్రం మంచిగ అనిపిస్తలేదు.

నిజంగనే బోర్డు పోయి మార్చాల్సి వచ్చినా ఒక జాగ్రత్త ఉంది. ఈ మధ్య వచ్చే విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు మైక్రోసాఫ్ట్ అకౌంట్ తోటి సైన్ ఇన్ కాంగనే తమంతట తాము డేటాకు బిట్‌లాకర్ తాళం ఏసుకుంటున్నయి. ఆ తాళం బోర్డుల ఉండే చిప్‌తోటి ముడిపడి ఉంటది, బోర్డు మారితే 48 అంకెల రికవరీ కీ అడుగుతది, అది లేకపోతే డ్రైవ్ బాగున్నా లోపలి ఫైళ్లు మన చేతికి రావు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ల ఉంటది, ల్యాప్‌టాప్ బాగున్న రోజే లాగిన్ అయ్యి కాగితం మీద రాసి పెట్టుకోండి. కాలేజీల ఎవరిదో మెయిల్ తోటి, షాపోళ్ల మెయిల్ తోటి సెటప్ చేపిచ్చుకున్న పిల్లలు చాలామంది ఉన్నరు, వాళ్లు ఇయ్యాల్నే చూసుకోవాలె, కీ ఎవరి అకౌంట్‌ల ఉందో.

షాపుల ఇచ్చేటప్పుడు అడగాల్సినవి అడగండి, సిగ్గుపడకండి. ఏం టెస్ట్ చేసిండ్రు, ఏం తేలింది అని బిల్లు మీద రాయమనండి. మార్చిన పాత పార్ట్ వెనక్కి ఇయ్యమనండి. నన్ను అడగకుండ ఫార్మాట్ చెయ్యొద్దని ఇచ్చేటప్పుడే కాగితం మీద రాయించి వాళ్ల సంతకం తీస్కోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సర్వీస్ చేసి బిల్లు ఇయ్యకపోవుడు కూడా అన్యాయపు వ్యాపారం కిందికే వస్తది. అన్యాయం జరిగిందనిపిస్తే 1915కు ఫోన్ కొట్టొచ్చు, అది నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్, జిల్లా వినియోగదారుల కమిషన్‌ల 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. బిల్లు లేకపోతే మాత్రం ఏం చూపెడ్తరు, అందుకే బిల్లు బిల్లు అంటున్న.

ఎడిటర్ గారూ, మీ పేపర్ ఊరూరికి పోతది, నా ల్యాబ్ గడప దాటి నా మాట పోదు. ప్రాజెక్టుల సీజన్‌కు ముందు, ఫిబ్రవరిలనో మార్చిలనో, జిల్లా ఎడిషన్‌ల అర పేజీ ఈ విషయానికి ఇయ్యండి, ఫార్మాట్‌కు ముందు ఏం చూడాల్నో బొమ్మలతోటి ఎయ్యండి, పిల్లలే కాదు మీసేవ సెంటర్లు, ఊర్లల్ల జిరాక్స్ షాపులు నడుపుకునేటోళ్లు కూడా కత్తిరించి గోడకు అంటిస్తరు. కాలేజీ ప్రిన్సిపాళ్లకు కూడా మీ పేపర్ ద్వారా ఒక మనవి, డిపార్ట్‌మెంట్‌కు ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొని వారానికోసారి ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టు ఫోల్డర్లు అందుల కాపీ చేపియ్యండి. మా ల్యాబ్‌ల శనివారం ఆఖరు పీరియడ్ ఈ పనికే పెట్టినం. ఎవరికన్న చూడాలనిపిస్తే రావచ్చు, ఎట్ల చేస్తున్నమో దగ్గరుండి చూపిస్త.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జ్,
హన్మకొండ